నానమ్మ మాట వినని లైట్లు

పిల్లలూ, మీ ఇంట్లో లైటు ఎలా వేస్తారు? గోడ మీద స్విచ్చి నొక్కుతారా? ఫోను తీసి యాప్‌లో బొమ్మను తాకుతారా? లేక సోఫాలో కూర్చున్న చోటి నుంచే గట్టిగా చెప్తారా? మా ఇంట్లో ఈ మూడు పద్ధతులూ ఉన్నాయి. అయినా పోయిన నవంబరులో ఒక సాయంత్రం మా అత్తయ్యగారు, అంటే మా పిల్లల నానమ్మ, గంటన్నర సేపు చీకట్లో కూర్చున్నారు. కరెంటు పోలేదు. బల్బులు కాలిపోలేదు. అయినా ఆవిడ చీకట్లోనే ఉన్నారు. ఆ సంగతి మీకు చెప్పాలనే ఈ పాఠం రాస్తున్నాను. అందులో తప్పు చాలావరకు నాదే.

ముందు నా గురించి రెండు మాటలు. మాది విశాఖపట్నం. నేను బి.ఇడి. చదివి, అక్కడ ఒక స్కూల్లో ఆరేళ్లు సైన్సు, తెలుగు చెప్పాను. మేము అమెరికా వచ్చి మూడేళ్లయింది. టెక్సస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నా వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. అందుకని ఇంటిపని చూసుకుంటూ, ఆదివారాలు మీలాంటి పిల్లలకి తెలుగు చెప్తున్నాను. మా బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరేళ్లు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నన్ను మొదట తికమక పెట్టింది ఏమిటో తెలుసా? లైటు స్విచ్చి! ఇండియాలో స్విచ్చిని కిందికి నొక్కితే లైటు వెలుగుతుంది. ఇక్కడ పైకి ఎత్తితే వెలుగుతుంది. బల్బు కూడా వేరే. అక్కడి బల్బుకి అటో పిన్ను, ఇటో పిన్ను ఉంటాయి. హోల్డర్లో పెట్టి, నొక్కి, కొంచెం తిప్పితే పట్టుకుంటుంది. ఇక్కడి బల్బుకి మరలాగా గాడులుంటాయి. సీసా మూత బిగించినట్టు తిప్పుతూనే ఉండాలి. కరెంటు కూడా ఒకలాంటిది కాదు. ఇండియాలో 230 వోల్టులు, ఇక్కడ 120 వోల్టులు. అందుకే అక్కణ్ణించి తెచ్చిన నా మిక్సీ ఇక్కడ పెట్టెలోంచి బయటికే రాలేదు.

నిరుడు ఎండాకాలంలో మావారు నాలుగు స్మార్ట్ బల్బులు, వాటితోపాటు మాట వినే చిన్న డబ్బా ఒకటి తెచ్చారు. స్మార్ట్ బల్బు ఎలా పనిచేస్తుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెప్తాను. మామూలు బల్బుకి కరెంటు వస్తే వెలుగుతుంది, పోతే ఆరిపోతుంది. అంతే. స్మార్ట్ బల్బు లోపల బుల్లి రేడియో ఉంటుంది. అది ఇంట్లో వైఫై ద్వారా కబురు అందుకుంటుంది. "వెలుగు" అని కబురు వస్తే వెలుగుతుంది. "సగం తగ్గు" అంటే తగ్గుతుంది. రంగు కూడా మారుతుంది. కానీ ఆ రేడియో పనిచెయ్యాలంటే బల్బుకి ఎప్పుడూ కరెంటు అందుతూ ఉండాలి. గోడ మీద స్విచ్చి కట్టేశామా, రేడియో కూడా నిద్రపోతుంది. అప్పుడు ఫోను పిలిచినా పలకదు, డబ్బా పిలిచినా పలకదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బల్బులు బిగించడానికి ఐదు నిమిషాలు పట్టింది. వాటిని వైఫైకి కలపడానికి రెండు గంటలు పట్టింది. ఇళ్లలో వైఫై సాధారణంగా రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, ఇంకొకటి 5 గిగాహెర్ట్జ్. మొదటిది కాస్త నెమ్మది, కానీ గోడలు దాటి దూరం వెళ్తుంది. రెండోది వేగం ఎక్కువ, దూరం తక్కువ. మా బల్బులకి మొదటిదే పనికొస్తుంది. మావారి ఫోనేమో రెండో దారిలో ఉంది. ఇద్దరూ వేరే వేరే వీధుల్లో నిలబడి ఒకరినొకరు పిలుచుకున్నట్టయింది. చివరికి ఫోనుని మొదటి దారిలోకి మారిస్తే బల్బులు దొరికాయి. తరవాత ఒక్కో బల్బుకీ పేరు పెట్టాలి. పేర్లు మా బాబు పెట్టాడు. లివింగ్ రూమ్, కిచెన్, బెడ్‌రూమ్, హాల్‌వే.

అన్నీ ఇంగ్లీషు పేర్లే. అప్పుడు అది నాకు తప్పుగా అనిపించలేదు.

మొదటి చిక్కు నాకే వచ్చింది. నేను "లివింగ్ రూమ్ లైట్ ఆన్" అంటే ఆ డబ్బా "క్షమించండి, అర్థం కాలేదు" అని ఇంగ్లీషులో అనేది. ఇంకోసారి గట్టిగా అంటే, ఇంకోసారి క్షమాపణ చెప్పేది. మా బాబు వచ్చి నాలుక తిప్పి ఒక్కసారి అనేవాడు. వెంటనే వెలిగేది. "అమ్మా, అలా కాదు, ఇలా అనాలి" అని నాకు నేర్పేవాడు. నేను నవ్వేదాన్ని. కానీ లోపల చిన్నబుచ్చుకునేదాన్ని. నలభై మంది పిల్లలు నేను ఒక్క మాట అంటే పుస్తకాలు తీసేవారు. ఇక్కడ ఒక బల్బు నా మాట వినడం లేదు! మెల్లిగా నేనే మాట్లాడడం మానేసి, ఫోనులో బొమ్మని నొక్కడం మొదలుపెట్టాను.

అక్టోబరులో అత్తయ్యగారు వచ్చారు. ఆవిడకి డెబ్భై ఒక్క ఏళ్లు. తెలుగు బాగా చదువుతారు, రాస్తారు. ఇంగ్లీషు రాదు. ఆవిడకో అలవాటుంది. గదిలో మనిషి లేకపోతే లైటు ఉండకూడదు. "ఖాళీ గదికి వెలుగెందుకమ్మా, కరెంటు దండగ" అంటారు. ఇల్లంతా తిరిగి ఒక్కో స్విచ్చీ కట్టేసేవారు. పైగా పైకా కిందికా అనే తికమక కూడా ఉంది కదా, రెండుసార్లు అటూ ఇటూ ఆడించేవారు. దాంతో బల్బులన్నీ నిద్రపోయేవి. మావారు ఆఫీసు నుంచి వచ్చి "ఎవరు కట్టేశారు?" అనేవారు. పిల్లలు "నానమ్మ!" అని ఒకేసారి అరిచేవారు.

నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు తెల్ల టేపు తెచ్చి, ఇంట్లో స్విచ్చులన్నిటి మీదా అంటించేశాను. బాబు దాని మీద పెద్ద అక్షరాలతో ముట్టుకోవద్దని రాశాడు, ఇంగ్లీషులో. "అత్తయ్యా, ఇవి ముట్టుకోకండి, పాడవుతాయి. లైటు కావాలంటే పిల్లలకి చెప్పండి, వాళ్లు వేస్తారు" అన్నాను. ఆవిడ "సరేనమ్మా" అన్నారు.

ఒకరోజు ఆవిడ తనే ప్రయత్నించారు. డబ్బా దగ్గరకెళ్లి, దాని పేరు పెట్టి పిలిచి, "కాస్త లైటు వెయ్యమ్మా" అన్నారు. అది ఏం విన్నదో ఏమో, ఏదో ఇంగ్లీషు పాట మొదలుపెట్టింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ కూడా నవ్వారు. కానీ ఆ తరవాత మళ్లీ ఆవిడ ఆ డబ్బాతో మాట్లాడలేదు. అది నేను గమనించలేదు.

ఇప్పుడు ఆ సాయంత్రం సంగతి చెప్తాను. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు, మీకు తెలుసు కదా. శనివారం మా ఊళ్లో ఆరున్నర దాటాక పొద్దు గూకింది. సోమవారం ఐదున్నర దాటగానే గూకేసింది. ఆ సోమవారం నేను నాలుగున్నరకి బయల్దేరి, పిల్లల్ని స్కూలు నుంచి ఈత క్లాసుకి తీసుకెళ్లాను. బయల్దేరినప్పుడు ఎండ బాగానే ఉంది. చీకటి పడేలోగా వచ్చేస్తాం కదా అనుకున్నాను. గడియారం సంగతి నాకు తట్టనే లేదు. మేము ఇంటికి వచ్చేసరికి ఏడు దాటింది.

ఇల్లు చీకటిగా ఉంది. నా గుండె ఝల్లుమంది. తలుపు తీసి "అత్తయ్యా!" అని పిలిచాను. "ఇక్కడే ఉన్నానమ్మా" అని కిటికీ దగ్గర నుంచి గొంతు వినిపించింది. కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్నారు. వీధి దీపం వెలుగు కొంచెం ఆవిడ చేతుల మీద పడుతోంది.

బాబు వెంటనే లైటు వేయించాడు. "నానమ్మా, లైట్స్‌కి చెప్పొచ్చు కదా?" అన్నాడు.

"అది నా మాట వినదు కదరా" అన్నారు ఆవిడ.

"మరి స్విచ్చి వెయ్యాల్సింది కదా అత్తయ్యా!" అన్నాను నేను.

"నువ్వు ముట్టుకోవద్దన్నావు కదమ్మా. పాడైతే మళ్లీ ఖర్చు."

ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా కష్టమనిపించింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని ఉన్నారు. ఏమైందని అడిగితే, "ఏం లేదు, మంచినీళ్లకి వెళ్తుంటే ఆ బల్ల తగిలింది" అన్నారు. చూస్తే చర్మం లేచిపోయి ఉంది. నేను పసుపు, బ్యాండేజీ వెతుకుతుంటే మా పాప వచ్చి ఆవిడ మోకాలి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది. బాబు మాత్రం గోడ దగ్గరే నిలబడి, తను రాసిన టేపు వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదకొండేళ్ల కిందటి సంగతి గుర్తుకొచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. నాకు అప్పటికి పెళ్లయి నాలుగు నెలలు. గాలికి కిటికీ అద్దాలు పగిలాయి. చెట్లు, కరెంటు స్తంభాలు వీధుల్లో అడ్డంగా పడిపోయాయి. ఊరంతా చీకటి. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే నీళ్లు లేవు. నేను భయంతో ఒక మూల కూర్చుండిపోయాను. అప్పుడు ఆ చీకట్లో ఇల్లంతా నడిపించింది అత్తయ్యగారే. ఏ గూట్లో అగ్గిపెట్టె ఉందో, ఏ అటక మీద లాంతరు ఉందో తడుముకోకుండా తీసేశారు. పక్కింటివాళ్లకి కూడా ఒక బుడ్డి దీపం వెలిగించి ఇచ్చారు. "ఇల్లు మనదమ్మా, చీకటైతే మాత్రం మనల్ని మర్చిపోతుందా?" అన్నారు. పదకొండు రోజుల తరవాత దీపావళి వచ్చింది. ఆ ఏడు మా గుమ్మంలో ప్రమిదలు వెలిగిస్తుంటే, ఒక్కో దీపం ఎంత విలువైనదో నాకు తెలిసింది.

అంత చీకట్లో అడుగు తడబడని మనిషి, నా ఇంట్లో, అన్ని లైట్ల మధ్య, బల్ల తగిలి దెబ్బ తగిలించుకున్నారు. ఎందుకని? ఇల్లు తనది కాదనిపించేలా చేశాం కాబట్టి. స్విచ్చి ముట్టుకోకూడదు, మాట్లాడితే నవ్వుతారు. ఇంక ఆవిడకి మిగిలింది ఏమిటి, కూర్చోవడం తప్ప?

పొద్దున్నే లేచి టేపులన్నీ పీకేశాను. ఆ శనివారం పిల్లల్ని, మావారిని కూర్చోబెట్టి, "ఈ ఇంట్లో లైటు వెయ్యడానికి ఇంగ్లీషు రావక్కర్లేదు. అలా చెయ్యాలంటే ఏం చెయ్యాలో చెప్పండి" అన్నాను. నలుగురం కలిసి నాలుగు పనులు చేశాం.

మొదటి పని, రిమోటు. బ్యాటరీతో నడిచే చిన్న మీటల పలక దొరుకుతుంది. దాన్ని స్విచ్చి పక్కన గోడకి అంటించవచ్చు. వైర్లు విప్పక్కర్లేదు కాబట్టి అద్దె ఇంటికి ఇబ్బంది లేదు. అది గోడలో కరెంటుని ఆపదు, బల్బుకి కబురు మాత్రమే పంపుతుంది. కాబట్టి బల్బు నిద్రపోదు. మా బల్బులు ఒక కంపెనీవి, రిమోటు ఇంకో కంపెనీది. ఒకప్పుడు ఒక కంపెనీ వస్తువు ఇంకో కంపెనీ వస్తువుతో మాట్లాడాలంటే పెద్ద తలనొప్పిగా ఉండేది. చాలా కంపెనీలు కూర్చుని, అందరికీ ఒకటే భాష ఉండాలని ఒప్పుకుని, 2022లో మ్యాటర్ అనే పద్ధతిని తెచ్చాయి. మేము కొన్నవాటి మీద ఆ గుర్తు ఉంది, అందుకని కలిశాయి. చూశారా, బల్బులకి కూడా ఉమ్మడి భాష లేకపోతే ఒకే ఇంట్లో ఉండి కూడా మాట్లాడుకోలేవు!

రిమోటు మీటల మీద బాబు తెలుగులో రాశాడు. పై మీట మీద "వెయ్యి", కింది మీట మీద "తియ్యి". నానమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివి, "వెయ్యి లైట్లా? నాకు ఒక్కటి చాలురా నాన్నా" అన్నారు. వాడికి మొదట అర్థం కాలేదు. తెలుగులో "వెయ్యి" అంటే పది వందలు కూడా కదా! అర్థమయ్యాక వాడు రెండు రోజులు అదే జోకు అందరికీ చెప్పాడు.

రెండో పని, సందె దీపం. సాయంత్రం పొద్దు గూకే వేళని సందె వేళ అంటాం. ఆ వేళకి ఇంట్లో దీపం పెట్టడం మన అలవాటు. విశాఖపట్నంలో ఏడాది మొత్తం మీద సూర్యాస్తమయం దాదాపు ఐదుంబావు, ఆరూముప్పావుల మధ్యే ఉంటుంది. ఫ్రిస్కో భూమధ్యరేఖకి ఇంకా దూరం. అందుకని ఇక్కడ డిసెంబరులో ఐదుంబావు దాటితే పొద్దు గూకుతుంది, జూన్‌లో ఎనిమిదిన్నర దాటినా వెలుగుంటుంది. గడియారం చూసి దీపం పెట్టడం కుదరదు. యాప్‌లో "సూర్యాస్తమయానికి" అనే ఏర్పాటు ఉంటుంది. మన ఊరు ఎక్కడుందో చూసుకుని, ఆ రోజు పొద్దు ఎప్పుడు గూకుతుందో అదే లెక్క వేసుకుంటుంది. ఇప్పుడు మా ముందు గది లైటు రోజూ సందె వేళకి తనంతట తానే వెలుగుతుంది. ఇంట్లో ఎవరున్నా లేకపోయినా చీకటి మాత్రం ఉండదు.

మూడో పని, రాత్రి దారి. పడకగది నుంచి బాత్‌రూమ్‌కి వెళ్లే దారిలో, మనిషి కదిలితే కనిపెట్టే సెన్సరు పెట్టాం. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు, ఎవరు నడిచినా అక్కడి బల్బు బాగా తక్కువ వెలుగుతో వెలుగుతుంది. రెండు నిమిషాల తరవాత ఆరిపోతుంది. వెలుగు రంగుని కెల్విన్లలో చెప్తారు. 5000 కెల్విన్లంటే మిట్టమధ్యాహ్నం లాంటి తెలుపు. 2700 అంటే పాత బల్బు లాంటి పసుపు వెలుగు. రాత్రికి మేము 2700 పెట్టాం. ఆవిడకి అది లాంతరు వెలుగులా ఉందట.

నాలుగో పని అన్నిటికన్నా కష్టమైంది. డబ్బా నానమ్మ మాట వినాలి!

యాప్‌లో మనకి నచ్చిన వాక్యం ఒకటి రాసిపెట్టి, ఆ వాక్యం వినగానే ఫలానా పని చెయ్యమని చెప్పవచ్చు. బాబు "దీపం పెట్టు" అని ఇంగ్లీషు అక్షరాలతో రాశాడు. నానమ్మ చెప్పారు. డబ్బా వినలేదు. మళ్లీ చెప్పారు. వినలేదు. ఆవిడ లేవబోయారు. "నానమ్మా, వెయిట్!" అని బాబు ఫోను తెచ్చాడు. డబ్బా తను విన్న మాటలన్నీ యాప్‌లో రాసిపెట్టుకుంటుంది. అక్కడ చూస్తే "డీప్ అమ్ పెట్ టు" అని ఉంది. వాడు కాసేపు ఆలోచించి, అదే మాటల్ని అలాగే ఎక్కించేశాడు. "ఇప్పుడు చెప్పు నానమ్మా."

"దీపం పెట్టమ్మా" అన్నారు ఆవిడ.

లైటు వెలగలేదు. ఎందుకంటే ఈసారి ఆవిడ "పెట్టు" అనలేదు, "పెట్టమ్మా" అన్నారు! "వట్టి పెట్టు అంటే బాగుండదురా. పని చెప్పేటప్పుడు మంచిగా చెప్పాలి కదా" అన్నారు. బాబు మళ్లీ రాసుకున్నాడు. మళ్లీ విన్నాడు, మళ్లీ ఎక్కించాడు. ఆరో ఏడో సారికి లైటు వెలిగింది. నానమ్మ చప్పట్లు కొట్టారు. పాప గంతులు వేసింది.

ఆ గంటలో మా బాబు నానమ్మ మాటని ఎంత శ్రద్ధగా విన్నాడో, అంతకు ముందు ఏడాదంతా అంత శ్రద్ధగా ఆవిడతో ఫోనులో మాట్లాడి ఉండడు. "అమ్మా, నానమ్మ 'ద' వేరేగా ఉంది" అన్నాడు. నిజమే. "ద" అనడానికి నాలుక కొన పై పళ్ల వెనక తగలాలి. "డ" అనడానికి నాలుకని వెనక్కి మడిచి అంగిలికి తాకించాలి. ఇంగ్లీషు "డి" ఈ రెండిటికీ మధ్యలో ఎక్కడో పడుతుంది. అందుకే ఆ డబ్బాకి మన "దీపం" సరిగ్గా వినిపించదు. అంటే లోపం నానమ్మ నోటిలో లేదు, డబ్బాకి ఆ శబ్దం నేర్పలేదు, అంతే. ఈ మాట నేను బాబుకి చెప్పాను. నాకు కూడా చెప్పుకున్నాను.

ఇంక లైటు ఆర్పడానికి ఏం చెప్పాలి? బాబు "దీపం ఆర్పు" అని రాయబోయాడు. నానమ్మ ఒప్పుకోలేదు. "దీపాన్ని ఆర్పు అనకూడదు నాన్నా" అన్నారు. తెలుగువాళ్లలో చాలామంది దీపం ఆరిపోయింది అని చెప్పరు, "దీపం కొండెక్కింది" అంటారు. దీపం అంటే ఇంటికి మంచి జరగాలని పెట్టుకునేది కదా, అందుకని ఆ మాటని మెత్తగా చెప్తారు. "మరి ఏమనాలి?" అని వాడు అడిగాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, బల్బు వంక చూసి, "చాల్లేమ్మా, ఇంక పడుకో" అన్నారు. అందరం నవ్వాం. ఈసారి ఆవిడ మీద కాదు, ఆవిడతో కలిసి నవ్వాం.

ఆ డబ్బా "పడుకో" అన్న మాటని ఏమని విన్నదో తెలుసా? "పడూకా" అని! పడూకా అంటే కెంటకీ రాష్ట్రంలో ఉన్న ఒక ఊరు. ఇప్పుడు మా యాప్‌లో రోజూ రాత్రి పది గంటలకి ఆ ఊరి పేరు పడుతుంది, మా ఇంట్లో లైటు ఆరుతుంది. బాబు మ్యాపులో వెతికి, నానమ్మకి ఆ ఊరు చూపించాడు. "పాపం, ఆ ఊరివాళ్లు ఎప్పుడూ పడుకునే ఉంటారా?" అన్నారు ఆవిడ.

మీకో సైన్సు సంగతి చెప్పి ముగిస్తాను. ఈ బల్బులన్నీ ఎల్.ఇ.డి.లు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగుని ఇవి దాదాపు 9 వాట్లతోనే ఇస్తాయి. ఎర్ర, పచ్చ ఎల్.ఇ.డి.లు ముందే ఉన్నాయి. నీలం రంగుది చెయ్యడమే చాలా ఏళ్లు కుదరలేదు. నీలం వెలుగు మీద పసుపు పూత వేస్తే తెల్ల వెలుగు వస్తుంది. ఆ నీలం ఎల్.ఇ.డి. సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ కబురు వచ్చింది అక్టోబరు 7న. సరిగ్గా ఐదు రోజులకి మా విశాఖపట్నం చీకటైపోయింది. తుఫాను తరవాత మా ఊరి వీధుల్లో పాత దీపాలు తీసేసి, తొంభై వేలకు పైగా ఎల్.ఇ.డి. దీపాలు పెట్టారు. ఈ సంగతి చెప్తే అత్తయ్యగారు, "అయితే మన వీధిలో దీపం, ఇక్కడి దీపం చుట్టాలే అన్నమాట" అన్నారు.

మార్చిలో ఆవిడ ఇండియా వెళ్లిపోయారు. వెళ్లిన రోజు సాయంత్రం మా బాబు డబ్బా ముందు నిలబడి "దీపం పెట్టమ్మా" అన్నాడు. లైటు వెలగలేదు. ఎందుకో ఊహించగలరా? అందులో ఉన్నది నానమ్మ పలికినట్టు విన్న మాటలు. వీడు "డీపం" అంటున్నాడు. అది వినడం లేదు! పాప కిసుక్కున నవ్వింది. బాబుకి రోషం వచ్చింది. ఇంగ్లీషులో చెప్తే ఒక్క క్షణంలో వెలుగుతుంది. కానీ వాడు అలా చెప్పలేదు. నాలుకని పళ్ల వెనక పెట్టుకుని, "ద... ద... దీపం" అని మళ్లీ మళ్లీ అంటూనే ఉన్నాడు. నేను వంటింట్లో కూర తరుగుతూ వింటున్నాను. సాయం చెయ్యలేదు.

నాలుగు రోజుల తరవాత వెలిగింది. వాడు ముందు నన్ను పిలవలేదు. ఫోను తీసి నానమ్మకి వీడియో కాల్ చేశాడు. అక్కడ అప్పుడు తెల్లవారుతోంది. "నానమ్మా, లైట్ నా మాట విన్నది!" అన్నాడు. ఆవిడ దేవుడి గదిలో దీపం వెలిగిస్తున్నారు. అగ్గిపుల్ల పట్టుకునే, "విన్నదా? మంచిగా అడిగావా మరి?" అన్నారు.

ఇంట్లో చేసి చూడండి

1. తెలుగువాళ్లందరూ లైటు గురించి ఒకేలా చెప్పరు. కొందరు "లైటు తియ్యి" అంటారు, కొందరు "కట్టెయ్యి" అంటారు, కొందరు "ఆపు" అంటారు, కొందరు "బందు చెయ్యి" అంటారు. మీ అమ్మానాన్నలు, తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ ఏమంటారో అడిగి, వాళ్ల ఊరి పేరుతో సహా రాయండి.

2. "వెలిగింది" అంటే దానంతట అదే. "వెలిగించాను" అంటే నేను చేశాను. అలాగే "ఆరింది, ఆర్పాను", "ఆగింది, ఆపాను". ఈ మాటలతో ఆరు వాక్యాలు రాయండి.

3. "ద", "డ" పక్కపక్కనే పలకండి. దారి, డాబా, దండ, డప్పు. నాలుక ఎక్కడ తగులుతోందో అద్దంలో చూసుకోండి.

4. మీ ఇంట్లో గదులకి తెలుగు పేర్లు రాసి అతికించండి. మీ ఇంట్లో స్మార్ట్ లైట్లు ఉంటే, పెద్దవాళ్లని అడిగి, ఒక దానికి తెలుగు పేరు పెట్టి చూడండి. ఆ పరికరం తను విన్న మాటల్ని దాచుకుంటుందని గుర్తుంచుకోండి. వాటిని ఎలా తుడిచెయ్యాలో కూడా పెద్దవాళ్లతో కలిసి నేర్చుకోండి.

5. ఈసారి మీ ఇంటికి ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు, మొదటి రోజే ఇల్లంతా తిప్పి చూపించండి. లైటు, పొయ్యి, కుళాయి, తలుపు తాళం ఎలా వాడాలో మీరే తెలుగులో చెప్పండి. వాళ్లు ఒకసారి చేసేదాకా పక్కనే ఉండండి. తప్పు చేస్తే నవ్వకండి. తరవాత ఏం జరిగిందో నాకు ఐదు వాక్యాల్లో రాసి పంపండి.